కరుణక్క అల్లని నక్షత్రం

మా చిన్నప్పుడు డిసెంబరంటే నాకు గంజి వాసన...

ఎదురింటి కరుణక్క తెల్ల దారంతో, చివర చిన్న కొక్కెం ఉండే సూదితో క్రిస్మస్ నక్షత్రాలు అల్లేది. వాటిని గంజిలో ముంచి, అట్టముక్క మీద గుండుసూదులతో లాగిపట్టి, అరుగు మీద ఎండబెట్టేది. ఎండాక అప్పడాల్లా బిరుసెక్కేవి.

పండగ పొద్దున్న వీధిలో ప్రతి ఇంటికీ గులాబీ పువ్వులనే పిండివంట పళ్ళెంతో పాటు ఒక నక్షత్రం వచ్చేది. అనకాపల్లిలో మా వీధిలో చాలావరకు బెల్లం వర్తకుల ఇళ్ళే. క్రిస్మస్ చెట్టు ఎవరికుంటుంది... మా అమ్మ ఆ నక్షత్రాన్ని దేవుడి గది గుమ్మానికి కట్టేది.

అక్క అప్పుడు ఇంటర్. నాకు తొమ్మిదేళ్ళు. పక్కన కూర్చోబెట్టుకుని గొలుసు కుట్టు ఒక్కటి నేర్పింది. అంతకుమించి నా చేతికి రాలేదు.

ఆ ఏడు నాకంటూ వేరుగా ఒక నక్షత్రం ఇచ్చింది. "మొత్తం ఒకటే దారం. ముడెక్కడుందో కనిపెట్టు సూద్దాం" అంది నవ్వుతూ.

నాలుగు రోజులు వెతికాను... దొరికింది. ఒక కొస దగ్గర, ఆవగింజంత. పిన్నీసుతో వదులు చేసి కొంచెం లాగాను. చిటచిటమంటూ ఒక కుట్టు ఊడింది. ఇంకొకటి... ఇంకొకటి... ఎందుకో ఆపలేకపోయాను. కాసేపటికి నా ఒళ్ళో నక్షత్రం లేదు. ముడతలు పడిన దారం కుప్ప ఉంది.

అక్కకి చెబితే మళ్ళీ అల్లేస్తుందిలే అనుకుని దారాన్ని అగ్గిపెట్టెలో కుక్కాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం...

జనవరిలో అక్కకి పచ్చకామెర్లు వచ్చాయి. విశాఖపట్నం తీసుకెళ్ళారు. పదకొండో రోజున తెల్లదుప్పటి కప్పి తీసుకొచ్చారు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. అక్క వాళ్ళమ్మ, సువార్తమ్మ అత్త, ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వదినా, ఈ ఒక్క పండక్కీ నా పిల్ల సేసినవన్నీ ఒక్క సోట సూసుకుంటాను. పండగెల్లేక ఎవులివి ఆలకిచ్చేత్తాను" అంది.

మా అమ్మ కళ్ళు తుడుచుకుని గుమ్మానికున్నది విప్పి ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏటే, నీ స్టార్ ఎక్కడెట్టేవు?" అంది.

"వెతికి... రేపిత్తాను" అన్నాను.

ఆ మధ్యాహ్నమంతా నాన్న గోడౌన్లో బెల్లం దిమ్మల వెనక కూర్చుని అదే దారంతో అల్లాను. వచ్చింది గొలుసు కుట్టు ఒక్కటే కదా... దాన్నే మడిచి, తిప్పి, ఎక్కడికక్కడ ముళ్ళు వేశాను. ఐదు కొసల్లో రెండు వంకర. అమ్మ చూడకుండా గంజిలో ముంచి ఎండబెట్టాను. మర్నాడు తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టాను.

దొరికిపోయాననే అనుకున్నాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో ఆ వంకర కుట్లన్నీ తడిమింది. తర్వాత బుగ్గకి ఆనించుకుని ఏడ్చింది.

"ఇది ఆకరికి సేసుంటాది. అప్పటికే దానికి ఒంట్లో బావోలేదు, సేతులు ఆడలేదు... నేనేమో పండగ పనులన్నీ దానిసేతే సేయించేను. కన్నతల్లినై ఉండి కనిపెట్టలేపోయేను."

కాదని చెప్పాలి. నోరు తెరిచాను కూడా... చెప్పకుండానే ఇంటికి పరిగెత్తాను.

వీధిలో ఎవరూ నక్షత్రాలు తిరిగి తీసుకోలేదు. అత్త ఏటా సరుగుడు కొమ్మ తెచ్చి అన్నీ కట్టేది. నేను చేసినదాన్ని మాత్రం మధ్యలో కట్టేది. వచ్చినవాళ్ళందరికీ దాన్నే చూపించి అదే మాట చెప్పేది. పండగ భోజనానికి నన్ను పిలవని ఏడు లేదు. నేను వెళ్ళని ఏడూ లేదు. పళ్ళెం ముందు కూర్చుని తల దించుకుని తినేదాన్ని. పెళ్ళయ్యాక కూడా అంతే...

పోయిన క్రిస్మస్‌కి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. అత్త దాన్ని దగ్గరకి పిలిచి, "సూడమ్మా, ఈ సేతులు అప్పటికే నీరసపడిపోయేయి... నాకే తెలీలేదు" అంది. ఇరవయ్యారేళ్ళ తర్వాత కూడా అదే ఏడుపు.

ఇక ఉండలేకపోయాను. అమ్మాయిని బయటికి పంపించి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను.

అత్త కొమ్మ మీది ఆ వంకర నక్షత్రాన్ని విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"నా పిల్ల నీకిచ్చింది ఎలాగుండేదే?"

"ఒక్క కుట్టు తప్పు లేదత్తా."

"అయితే పండక్కి దానికి బాగానే ఉందంటావా?"

"బాగానే ఉందత్తా. నవ్వుతూనే ఇచ్చింది."

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆమె ముఖం ఒక్క క్షణం తేటపడింది... అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"మరి ఇన్నేళ్ళూ నా మొకం ఎలా సూసేవే?"



"ఎల్లిరా అమ్మా" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేనూ మా అమ్మాయీ తినకుండానే ఇంటికొచ్చేశాం. ఈ ఏడు ఆమె దగ్గర్నుంచి పిలుపు రాలేదు. నాకూ ఫోన్ చేసే ధైర్యం రాలేదు.

నిన్న బజారుకి వెళితే కొట్ల ముందు ప్లాస్టిక్ నక్షత్రాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. మీట నొక్కితే రంగులు మారుతున్నాయి. ఏది ఎవరు చేశారో అడిగేవాళ్ళు లేరు... పీకినా ఊడవు.

మీకూ చిన్నప్పుడు ఎవరైనా తమ చేత్తో చేసిచ్చినది ఏదైనా ఉందా? దాన్ని మీరేం చేశారో కింద రాయండి...

నిజమే రాయండి.