నలభై దాటనివ్వని నూర్ మొహమ్మద్

కొత్తదేదైనా ఆదిలోనే వేగం పుంజుకుంటే పాడైపోతుందని నరసరావుపేట మోటారుసైకిలు మెకానిక్కు నూర్ మొహమ్మద్‌కు గట్టి నమ్మకం. బోరు చేసి కొత్తగా బిగించిన ఇంజనుతో బండిని కొన్నాళ్లు గంటకు నలభై కిలోమీటర్లు దాటనివ్వరాదని మెకానిక్కులందరూ చెబుతారు. ఆయన ఆ సూత్రాన్ని సమస్త సృష్టికీ వర్తింపజేశాడు.

ఇంటికి వచ్చిన కొత్త మిక్సీ నెల రోజులు ఒకటో నంబరు దాటలేదు. ఇంటిల్లిపాదీ పచ్చడిని నమిలి మింగారు. కొత్త చెప్పులు వంటింటికీ వాకిలికీ నడుమనే తిరిగాయి. కొత్తగా కాపురానికి వచ్చిన మరదలు ఫర్హీన్ బిర్యానీ వండబోతే, "ముందు కిచిడీతో మొదలుపెట్టమ్మా, నలభై దాటొద్దు" అన్నాడు.

భార్య జరీనా ఇవన్నీ భరించింది. కొడుకు సుహైల్ జిమ్నాస్టిక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఓర్పు నశించింది.

డిసెంబరు ఆఖరుకు పదేళ్లు నిండిన మగపిల్లలు పోటీ విభాగంలో దిగవచ్చునని నియమం. సుహైల్ డిసెంబరు చివరి వారంలోనే పుట్టాడు. అర్హత దక్కింది గాని, దాదాపు ఏడాది పెద్దవాళ్లతో తలపడాలి. ఎత్తున అడ్డంగా బిగించిన కడ్డీ, హై బార్ మీద విన్యాసాలూ తప్పవు. కాదంటే మరో ఏడాది అభివృద్ధి శిక్షణలోనే ఉండవచ్చు, అక్కడ పతకాలుండవు. ఏదో ఒకటి శనివారానికి తేల్చమన్నాడు కోచ్ ఆనందరావు.

"పోటీకే పంపుదాం. పిల్లోడు చానా బాగా చేస్తన్నాడు" అంది జరీనా.

"కొత్త బండి, ఇంకా మొదటి రన్నింగులోనే ఉందే. నలభై దాటనీయకూడదు."

"వాడు బండేంది, సుహైల్ అబ్బా? నా కొడుకు!"

"కంపెనీ మనదేగా. జాగర్త కూడా మనదే."

పక్కింటి రామాయమ్మ గోడ మీదుగా, "ఏందే జరీనా, మీ ఆయన పిల్లోడికి గ్యారంటీ కార్డు కూడా రాయించాడా?" అంది. జరీనాకు తల కొట్టేసినట్లయింది. తానే వెళ్లి పోటీకి సరేననాలని తీర్మానించుకుంది.

శనివారం సాయంత్రం శిక్షణశాల గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలినుండి తండ్రితో మాట్లాడుతున్న సుహైల్ గొంతు వినిపించి, ఆమె ఆగిపోయింది.

"అబ్బా, ఆ బార్ మీద చేతులు వదలాలంటే ఇప్పటికీ భయమేస్తంది. అమ్మీకి చెప్పొద్దు. పిరికోడనుకుద్ది."

"ఇన్నాళ్లూ చెప్పానేంట్రా? మా అబ్బాకి చాదస్తం, ఆయనే వద్దన్నాడని చెప్పు. ఊరంతా ఇట్టే నమ్ముద్ది" అని నవ్వాడు నూర్ మొహమ్మద్. "భయం పోయినాక నువ్వే చెప్పు. అప్పుడు నేనే దగ్గరుండి దింపుతా."

ఇంతలో ఆనందరావు వచ్చాడు. వెనుకనే తోటి పిల్లల తల్లిదండ్రులు.

"ఏమ్మా, పోటీకేనా?"

నూర్ మొహమ్మద్ గబగబా ముందుకు వచ్చి, "సార్, నలభై..." అనబోయాడు.

"ఆయన్నేం అడగబాకండి సార్" అని జరీనా అడ్డుకుంది. "ఈ ఏడాది వద్దనేది నేను. బిడ్డని దింపాలంటే నాకే భయం."

నూర్ మొహమ్మద్ మెల్లగా వచ్చి జరీనా పక్కన నిలబడ్డాడు.

సుహైల్‌తో పాటు నేర్చుకునే రాజీవ్ తల్లి సుకన్య ఫక్కున నవ్వి, "మీ ఆయన జబ్బు నీకూ అంటిందా ఏంది?" అంది.

"అంటింది వదినా" అంది జరీనా, కొడుకు చెయ్యి పట్టుకుంటూ. "కొత్త జబ్బు గదా, నిదానంగా ముదరనిస్తా."