బెరడు కింద పచ్చి

పద్నాలుగేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. మా ఊరి గుట్ట మీది టేకుచెట్లను కరువు చంపలేదు. నేను చంపించాను.

నూజివీడు దగ్గర మాకు చిన్నరసాల తోట ఉంది. ఇది జరిగిన ఏడాదితో వరసగా మూడేళ్ళు వానల్లేవు. మా బోరు ఎండింది, మామిడి ఆకులు ముడుచుకున్నాయి. గుట్ట మీది టేకు ఆకంతా రాల్చి మోడులా నిలబడింది. ఎండిపోయిన చెట్లను మాత్రం కొట్టుకోవచ్చని ఊరి అడవి కమిటీకి అనుమతి వచ్చింది. కత్తితో బెరడు గీకి చూడాలి. లోపల పచ్చి ఉంటే వదిలెయ్యాలి, లేకపోతే ఎర్రరంగు పూయాలి. ఆ పని మొదట్నుంచీ సోమయ్య బాబాయ్‌ది. ఆ గుట్టను ఇన్నేళ్ళూ కాపాడింది ఆయనే. చూపు మందగించిందని ఆ వేసవిలో నన్ను వెంట తీసుకెళ్ళాడు.

అంతకు రెండు రోజుల ముందే విస్సన్నపేట నుంచి ఒక కలప వ్యాపారి మా తోటకు వచ్చాడు. ఎర్ర గుర్తులు ఎక్కువ పడేలా చూస్తే వేసవంతా మా మామిడికి ట్యాంకర్లతో నీళ్ళు తోలిస్తానన్నాడు. నేను అవుననలేదు. కాదనీ అనలేదు.

మొదటి చెట్టు గీకాను. లేత పచ్చ. కత్తికి తడి అంటుకుంది.

"ఏరా, పచ్చుందా?" అన్నాడు బాబాయ్.

"లేదు బాబాయ్."

"సరిగ్గా చూడరా. కరువులో టేకు దొంగనిద్ర పోతుంది."

"చూశానుగా. ఎండిపోయింది."

నా మాట నమ్మి ఆయనే రంగు పూశాడు. ఆ రోజు ఆ అబద్ధం ఎన్నిసార్లు ఆడానో! పదో చెట్టుకల్లా అలవాటైపోయింది. అంత తొందరగా ఎలా అలవాటైందన్నదే నన్నిప్పటికీ భయపెడుతుంది.

కొట్టాక మొదళ్ళు చూశాను. లోపలి వలయాలు వెడల్పుగా ఉన్నాయి, అంచుకొచ్చేసరికి దారాల్లా సన్నబడ్డాయి. అవి కరువు ఏళ్ళవి. నీళ్ళు లేకపోయినా ఆ చెట్లు ఏటా కాస్తో కూస్తో పెరుగుతూనే ఉన్నాయన్నమాట. ఆపాటి ఓపిక నాకెందుకు లేకపోయింది?

వానలు పడ్డాక ఆ మొదళ్ళకు చిగుళ్ళు వచ్చాయి. అవి చూసి బాబాయ్ కూలబడ్డాడు. తన చూపు సరిగా లేకపోబట్టే ఇంత జరిగిందన్నాడు. నేనూ తెలియకే పొరబడ్డానని నన్ను ఓదార్చాడు. ఆ తర్వాత ఇక గుట్ట ఎక్కలేదు. నీడ పోయిన చోట గడ్డి పెరిగింది, మరుసటి వేసవిలో మంటలు లేచి చిగుళ్ళు కాలిపోయాయి. మిగిలిన టేకు ఏటా రేగే మంటలకు తాళలేక ఒక్కొక్కటిగా, ఈసారి నిజంగానే, ఎండిపోయింది. ఇప్పుడు అది ఒట్టి బోడిగుట్ట.

ట్యాంకర్ల నీళ్ళతో మా తోట బతికింది. ఏటా తొలికోత బుట్ట బాబాయ్‌కే పంపుతాను. ఆయన మా తోటకొచ్చినప్పుడల్లా పండు నలిపి, రసం పీల్చి, కరువును గెలిచిన చెట్లురా ఇవి అంటాడు. నేను తలూపుతాను.

ఈ ఏడు బుట్ట నేనే పట్టుకెళ్ళాను, చెప్పేద్దామని. చెప్పలేక తిరిగొచ్చాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒక్కసారి బయటికి అంటే ఊపిరాడుతుందేమోనని ఇదంతా.

పచ్చి ఉంది బాబాయ్. మొదటి చెట్టులోనే ఉంది. నేను చూశాను.