గంటెడు కొత్త నూనె

కరోనా వెనకబట్టిన రెండో ఏడు, వానలు తెరిపిచ్చాక, మా సంస్థ నన్ను సూరత్ ప్రాంతానికి ప్రధాన ఆడిటర్‌గా వేసింది. అప్పటికి నా సర్వీసు చివరికొచ్చింది. మా సంస్థ ఏదీ తయారుచేయదు, ఏదీ అమ్మదు. జీవ ఇంధనాలు, జీవ పదార్థాలు చేసేవాళ్లు ముడిసరుకు ఎక్కడి నుంచి తెస్తున్నారు, దానికోసం అడవి కొట్టారా, తిండి పండే నేల తీసుకున్నారా, కాగితం మీద చెప్పింది నిజమేనా అని చూసి ధ్రువపత్రం ఇస్తుంది. ఆ ఏడు మావాళ్లకు బాగా కలిసొచ్చింది. విమానాలకు ఇంధనం చేసేవాళ్లు, ప్లాస్టిక్‌కు బదులు వ్యర్థాలతో సంచులూ డబ్బాలూ చేసేవాళ్లు మా గుమ్మం ముందు వరుసకట్టారు. ఏడాది చివర వేసే ప్రగతి నివేదికలో సూరత్‌కు దక్కింది ఒక్క వాక్యం: వాడిన వంటనూనె సేకరణ కేంద్రాల్లో స్థానిక భాషల్లో అవగాహన పెరిగింది అని. ఆ వాక్యం రాసిచ్చింది నేనే. దాని వెనక జరిగింది నివేదికలో పట్టదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాడిన వంటనూనె సంగతి చెప్పాలి. మిర్చిబండ్లు, ఫర్సాణ్ అనే కారపు తినుబండారాల దుకాణాలు, మెస్సులు పూరీలో గాఠియాలో వేయించి వేయించి ఇక పనికిరాదనుకున్న నల్లనూనెను కొందరు తిరిగి సేకరిస్తారు. దాన్ని ఫ్యాక్టరీలో తేర్చి, వడకట్టి, డీజిల్ చేసేవాళ్లకు పంపుతారు. అది వ్యర్థం కాబట్టి విదేశాల్లో దానికి గిరాకీ ఎక్కువ. ఎంత ఎక్కువంటే, కొన్నిసార్లు కొత్త పామాయిల్ కంటే నల్లనూనెకే మంచి ధర పలుకుతుంది. ఇంకేం, కొత్త నూనెనే నల్లనూనెలో కలిపి పాతదని అమ్మే మహానుభావులు బయల్దేరారు. మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద దొంగతనం అదే. ఆడిటర్ కళ్లు మొదట దానికోసమే వెతుకుతాయి.

ధ్రువపత్రం కోరింది సూరత్ పక్కనున్న కామ్‌రేజ్‌లోని ఒక శుద్ధి ఫ్యాక్టరీ. దాని మేనేజరు హితేశ్‌భాయ్ మాటకు ముందు నవ్వే మనిషి. అలాంటివాళ్ల దగ్గర నేను కాస్త జాగ్రత్తగా ఉంటాను. ఫ్యాక్టరీకి సూరత్ ఊరంతా సేకరణ కేంద్రాలున్నాయి. అన్నీ చూడటం కుదరదు గనుక కొన్నిటిని ఎంచుకుంటాం. ఆ ఎంపిక మాదే. ఫ్యాక్టరీవాళ్లకు వదిలితే అది పెళ్లిచూపులవుతుంది, ముస్తాబు చేసిన పిల్లనే చూపిస్తారు. నేను ఎంచినవాటిలో వడోద్ కేంద్రం ఒకటి. దాన్ని నడిపేది లచ్చవ్వ.

లచ్చవ్వది సిరిసిల్ల వైపు. భర్తతో పాటు సూరత్ వచ్చి, మగ్గాల మీద పనిచేసే మనవాళ్లకు చాలా ఏళ్లు మెస్సు నడిపింది. మగ్గాల మోతకు భర్త చెవులు పోయి పని మానేశాడు. అప్పుడు ఈమె మెస్సు ఎవరికో అప్పజెప్పి, తనకు తెలిసిన మెస్సులన్నీ తిరిగి నల్లనూనె పట్టే ఈ ధందాలో దిగింది. ఇల్లు దీని మీదే నడుస్తోంది. గొంతు పెద్దది, నడక పెద్దది. నాది జగిత్యాల దగ్గర అని తెలిసేదాకా మేడం అన్నది, తెలిశాక అక్కా అన్నది. నేను ఆమెను మీరు అంటే, "గీ మీరు గీరు ఏంది అక్కా, నన్ను గాదన్నట్టున్నది" అని కసిరింది.

నా వెంట మయూర్ అనే సహాయ ఆడిటర్ ఉన్నాడు. అహ్మదాబాద్ పిల్లవాడు, చురుకైనవాడు, కొత్తగా కత్తి చేతికిచ్చినట్టుండేవాడు. షెడ్డులో నీలం డ్రమ్ముల వెనక టార్పాలిన్ ఎత్తి చూశాడు. కింద కొత్త పామాయిల్ డబ్బాలు, సీలుతో. ఒకటి మూత తీసి ఉంది, అందులో గంటె. మయూర్ నావైపు చూశాడు. కల్లు దుకాణంలో నీళ్ల బిందె కనబడితే ఎవరికైనా ఏం అనుమానం వస్తుందో మాకూ అదే వచ్చింది.

ఇది దేనికని మయూర్ హిందీలో అడిగాడు. లచ్చవ్వ తడుముకోకుండా, "డబ్బే మే డాల్‌తే హై" అన్నది. డబ్బాలో పోస్తామని. రోజూనా అంటే రోజూ అన్నది. మయూర్ అది అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. మా భాషలో అది నేరం ఒప్పుకోవడం. మోసం అని తేలితే ఫ్యాక్టరీ ధ్రువపత్రం ఆగిపోతుంది. అప్పటిదాకా పంపిన సరుకు మీద విచారణ మొదలవుతుంది. కేంద్రం పేరు మా నిషిద్ధ జాబితాకు ఎక్కుతుంది, ఆ తర్వాత లచ్చవ్వ దగ్గర ఏ ఫ్యాక్టరీ చుక్క నూనె కొనదు.

అయితే ఇంత నిబ్బరంగా ఒప్పుకునే దొంగను నా సర్వీసులో నేను చూడలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లనే ఎక్కువ చూశాను. అందుకని తెలుగులో అడిగాను, ఏ డబ్బాలో పోస్తావు లచ్చవ్వా అని.

"మెస్సోళ్ల డబ్బల. ఇంకెవ్వల డబ్బల పోస్త?"

"నీ డ్రమ్ములో కాదా?"

"నా డ్రమ్ముల నేనెందుకు పోస్కుంట? నాకేమన్న పిచ్చా?"

తర్వాత తెలిసిందేమంటే, ప్రతి మెస్సుకూ తన డబ్బా ఒకటుంటుంది. నల్లనూనె అందులో పోసి పెడతారు. లచ్చవ్వ దాన్ని తన డ్రమ్ములోకి వంచుకుని డబ్బా వాళ్లది వాళ్లకిస్తుంది. ఇచ్చేముందు అడుగున ఒక గంటెడు కొత్త నూనె పోస్తుంది. ఎందుకని అడిగితే నన్ను వింతగా చూసింది. "జగిత్యాల అంటివి, గిది గుడ తెల్వదా? ఒకరింటి గిన్నె ఉత్తగ ఇస్తరా? ఉత్త గిన్నె ఇస్తె వాళ్లిల్లు ఉత్తదైతది. మా అత్త చెప్పింది."

తెలియకేం. మా ఇంట్లోనూ పక్కింటి గిన్నె పంపాలంటే అడుగున చిటికెడు చక్కెరైనా వేసి పంపేవాళ్లం. అయితే నాకు తెలిసింది సాక్ష్యం కాదు. ఆడిటర్ నమ్మకం మీద రాయకూడదు, చూసి రాయాలి. మర్నాడు పొద్దున్నే ఆమె టెంపో వెంట మేము కూడా తిరిగాం. ఒక సందులో పెద్ద మెస్సు ఉంది. వంటామె నల్లబడిన డబ్బా తెచ్చిచ్చింది. లచ్చవ్వ వంచుకుంది, గంటెడు కొత్త నూనె పోసింది, తిరిగిచ్చింది. వంటామె దాని వంక చూడనైనా చూడకుండా బల్ల కిందికి తోసింది. ఆ డబ్బాలోని కొత్త నూనె మీదే ఆ పూట మిగిలిన నల్లనూనె పోస్తారు. మరుసటి విడతలో రెండూ కలిసి లచ్చవ్వ డ్రమ్ములోకి వస్తాయి.

మయూర్ పకపకా నవ్వాడు, ఆ వెంటనే నవ్వు ఆపేశాడు. నాకూ అప్పుడే అర్థమైంది. ఈమె దొంగ కాదు. అయినా దొంగ చేసే పనే చేస్తోంది, కొత్త నూనె వ్యర్థంలో నిజంగానే కలుస్తోంది. ఎంత కలిసిందన్నది తర్వాతి మాట. మా నిబంధనలో గంటెడుకు మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా. గంటెకు తలుపు తీస్తే వెనకే ట్యాంకరు వస్తుంది.

ముగింపు సమావేశం కామ్‌రేజ్‌లో జరిగింది. అక్కడ ఆడిటర్లు కనుగొన్న లోపాలు చదివి, కంపెనీ చేత సంతకం పెట్టిస్తారు. చిన్న లోపమైతే తర్వాతి ఏడాదికి సరిదిద్దుకోవచ్చు. పెద్ద లోపాన్ని, మా వాడుకలో మేజర్‌ను, గడువులోగా సరిదిద్దితేనే ధ్రువపత్రం. దీన్ని మోసం కింద రాద్దామని మయూర్ చివరిదాకా పట్టుబట్టాడు. అతని వాదనలోనూ న్యాయం ఉంది, ఆమె ఒప్పుకున్న మాట అతని పుస్తకంలో ఉంది మరి. మోసానికి లాభం ఉండాలి, ఈమె కొత్త నూనె చేతి నుంచి పెట్టుకుంటోంది, మళ్లీ దాన్నే మెస్సుల దగ్గర డబ్బిచ్చి కొంటోంది, లాభమెక్కడ అని అడిగాను. అతను ఆలోచించి సరేనన్నాడు. అతనిలో నాకు నచ్చిన గుణం అదే.

హితేశ్‌భాయ్ నవ్వుతూనే, ఇంతేనా మేడమ్, ఆ కేంద్రాన్ని ఈరోజే జాబితాలోంచి తీసేస్తాను, లోపం పోయినట్టే కదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకునే తెలివి అది, పైగా ఇల్లు తనది కాదు. అయినా ఆడిటర్ కోపం నివేదికలోకి రాకూడదు. నేను లోపాన్ని కేంద్రం మీద రాయలేదు, ఫ్యాక్టరీ మీద రాశాను. కేంద్రంలో కొత్త నూనె ఉంచకూడదన్న షరతు గుజరాతీ కాగితంలో ఉంది. లచ్చవ్వకు గుజరాతీ మాట వచ్చు, అక్షరం రాదు. చదివి వినిపించకుండా సంతకం తీసుకున్నది ఫ్యాక్టరీ. మెస్సులకు డబ్బాలు ఎలా తిరిగి వెళ్తున్నాయో కనుక్కోనిదీ ఫ్యాక్టరీయే. ఒక కేంద్రాన్ని తీసేస్తే ఆ లోపం పోదు, అన్ని కేంద్రాలకూ వాళ్లకు తెలిసిన భాషలో చెప్పి, పని మారిందని చూపిస్తేనే పోతుంది. హితేశ్‌భాయ్ నవ్వు మొదటిసారి ఆగింది. సంతకం మాత్రం పెట్టాడు.

వాళ్లు పెట్టిన అవగాహన సమావేశానికి పరిశీలకురాలిగా వెళ్లాను. హిందీలో, ఒడియాలో, తెలుగులో చెప్పించారు. అంతా విని లచ్చవ్వ లేచి నిలబడింది. కొత్త నూనె పొయ్యద్దంటే పొయ్య, కని ఉత్త డబ్బ మాత్రం ఇయ్య, తన చేతిమీదుగా ఒకరిల్లు ఉత్తది చెయ్యలేనన్నది. హితేశ్‌భాయ్ ఆమెతో హిందీలో, ఉత్త డబ్బా ఇవ్వు, లేదా కేంద్రం వదిలెయ్ అన్నాడు. లచ్చవ్వ నావైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు అక్కా, జర. నూనె గాకుంట ఏం పెట్టాలె?"

ఇక్కడ మా వృత్తిలోని ఒక కఠినమైన కట్టుబాటు చెప్పాలి. ఆడిటర్ తప్పు చూపించాలి గానీ, దిద్దే దారి చెప్పకూడదు. చెబితే రేపు తన సలహాకు తనే మార్కులు వేసుకున్నట్టవుతుంది. నా నాలుక చివర నాలుగు ఉపాయాలున్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. నేను చెప్పకూడదు లచ్చవ్వా అన్నాను. "చెప్పకపోతె గింత దూరం ఎందుకొచ్చినవ్?" అని కొంగు దోపుకుని వెళ్లిపోయింది. చాలా బాధేసింది. ఆ కట్టుబాటు సరైనదేనని ఇప్పటికీ అంటాను, ఆ రోజు మాత్రం దాన్ని తిట్టుకున్నాను.

గడువు దగ్గరపడ్డాక సరిచూడటానికి మళ్లీ వడోద్ వెళ్లాను. వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో పామాయిల్ డబ్బాలు లేవు. ఒక మూల తడిగుడ్డలో చుట్టిన పచ్చటి కట్ట ఉంది. లచ్చవ్వ నాతో మాట్లాడలేదు, టెంపో మాత్రం ఎక్కనిచ్చింది. అదే సందు, అదే మెస్సు. డబ్బా వంచుకుంది, కట్టలోంచి ఒక రెమ్మ తుంచి లోపల వేసింది. కరివేపాకు. మా వైపు కల్యామాకు అంటాం. వంటామె ఈసారి డబ్బాలోకి తొంగిచూసి, "ఏంది లచ్చవ్వా, పోపు మమ్మల్నే పెట్టుకొమ్మంటున్నవా?" అని పరాచికమాడింది. లచ్చవ్వ నావైపు చూడకుండానే, "నూనె పోస్తె దొంగనంటరట. ఆకు వేస్తె ఏమంటరో జూద్దం" అన్నది.

మేం ఏమీ అనలేదు. వాడిన నూనెలో కరివేపాకు ఎప్పుడూ ఉండేదే, మిరపగింజలతో పాటు కామ్‌రేజ్ ఫ్యాక్టరీలో వడపోత జాలీ దగ్గరే ఆగిపోతుంది. మయూర్ నిబంధనలు రెండుసార్లు తిరగేసి, ఆకు మీద ఏమీ లేదని తేల్చాడు. మేజర్ మూసేశాను. ఫ్యాక్టరీకి ధ్రువపత్రం వచ్చింది, లచ్చవ్వ పేరు జాబితాలో నిలిచింది. ఆ రోజు టెంపో దిగబోతుంటే, "చాయ్ తాగి పో అక్కా, చాయ్ తాగితె మీ రూల్ ఒప్పుతదా?" అన్నది. చాయ్ వరకు ఒప్పుతుంది. తాగాను.

కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. నా నివేదిక చదివిన ప్రధాన కార్యాలయానికి ఇది బాగా నచ్చింది. దేశాలన్నిటికీ వర్తించేలా ఒక కొత్త నిబంధన ముసాయిదా పంపారు: సేకరణ తర్వాత పాత్రలను ఖాళీగానే తిరిగి ఇవ్వాలి. చదవగానే తల పట్టుకున్నాను. రాసినవాళ్లలో చెడు ఉద్దేశం లేదు. నా నివేదికలో పాత్రలో ఏదో వేస్తున్నారు అన్న ముక్క పట్టుకుని, ఆ ఏదో మొత్తాన్ని ఆపేశారు. ఆ వాక్యం అచ్చయి ఉంటే వడోద్‌లో ఒక మనిషి, ఏ తప్పూ లేకుండా, కేంద్రం పోగొట్టుకునేది. ఖాళీగానే అన్నచోట నూనె ఏదీ వేయకుండా అని మార్చమని రాశాను. కారణం అడిగారు, రాశాను. నమ్మకం కుదరక మళ్లీ అడిగారు, మళ్లీ రాశాను. చివరకు మార్చారు. ఈ ఉత్తరాలు నడిచిన సంగతి లచ్చవ్వకు తెలియదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. ఆడిటర్ లోపం రాసేటప్పుడు తప్పు జరిగిన చోటు వరకే రాయాలి, అంగుళం కూడా పక్కకు పోకూడదు. మన వాక్యం వదులుగా ఉంటే, దాన్ని నిబంధనగా మార్చేవాళ్లు దూరంగా ఉంటారు, అది తగిలేవాళ్లకు మన భాష చదవడం రాకపోవచ్చు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా ప్రతి నివేదికనూ సంతకానికి ముందు ఒకసారి ఆ కంటితో చదివాను. చాలా వాక్యాలు కొట్టేశాను.