నాన్న ఎర్రరంగు, టీచరుగారి గాజుపలక

మా చిన్నప్పుడు... పెడనలో మా పెరట్లో పొద్దున్నే రంగు కాగు కింద మంట లేచేది. నాన్నది కలంకారీ అద్దకం పని. ఆయన తీసే ఎరుపు ఊళ్లో ఇంకెవరికీ వచ్చేది కాదు. ఎరుపునిచ్చే చెట్టు వేరు ఉడికేటప్పుడు అందులో ఏదో కలిపేవారు... అప్పుడు మాత్రం పెరటి తలుపు గడియ పెట్టుకునేవారు. అమ్మక్కూడా ప్రవేశం లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చే సైన్సు టీచరుగారు ఒకరు చేరారు. ఓ రోజు నన్ను పిలిచి, "మీ నాన్నగారి ఎర్రరంగు ఓ చిన్న సీసాడు తెస్తావా అమ్మా?" అన్నారు.

ఇంటికొచ్చి చెప్పగానే నాన్న చేతిలోని అచ్చు పక్కన పెట్టేశారు.

"ఆవిడకి నా రంగెందుకు? బందరు అద్దకంవాళ్లలో ఎవరి తాలూకో కనుక్కో."

అప్పట్నుంచి నాకు పాఠం కంటే ఆవిడ మీదే కళ్లు... మందార పూలు నలిపేవారు. పసుపు నీళ్లు కలిపేవారు. గుమ్మడి కాడని బ్లేడుతో ఉల్లిపొర కంటే పల్చగా కోసి అందులో వేసేవారు. సాయంత్రం సీసాలన్నీ సంచీలో సర్దుకుని రైలెక్కేసేవారు.

ఆ సంచీ సంగతి వినగానే, మర్నాడే నాన్న బడికొచ్చారు... ఏం చేస్తారో తన కళ్లతోనే చూద్దామని, చొక్కా జేబులో రంగు సీసాతో.

"నా రంగు అడిగారట. దేనికండీ?"

టీచరుగారు నొచ్చుకోలేదు. కాడ లోపలి భాగాలు మైక్రోస్కోపులో విడివిడిగా కనిపించాలంటే రంగు పట్టించాలట. బడిలో ఉన్న రంగు సీసా ఎండిపోయిందట.

"మందార కడిగితే పోతోందండీ. పసుపేమో అంతా ఒకటే పచ్చన. ఇంటికి పట్టుకెళ్లి ప్రయత్నించినా అంతే."

"సరే, నా ఎదురుగానే వాడండి. మిగిలింది నేను తీసుకెళ్తాను."

ఆవిడ కాడ ముక్కని ముందు పటిక నీళ్లలో ముంచారు. నాన్న ముఖం మారిపోయింది.

"పటిక సంగతి మీకెవరు చెప్పారు?"

"పుస్తకాల్లోనే ఉందండీ. పటిక పడితే రంగు నిలుస్తుందని."

నాన్న నమ్మినట్టు లేరు. ముక్క రంగులో నానాక, కడిగి గాజుపలక మీద పెట్టి, ముందు ఆయన్నే చూడమన్నారు టీచరుగారు. నాన్న వంగారు... చాలాసేపు లేవలేదు. తర్వాత నేను చూశాను. నీళ్లు పైకెక్కే గొట్టాలు ఎర్రగా, గుండ్రంగా, దేనికది విడిగా...

"మొక్క లోపల ఇంత పనితనం ఉందా" అన్నారు నాన్న మెల్లగా. అంటూనే గిన్నెలో మిగిలిన చుక్కలు కూడా సీసాలోకి వంపుకున్నారు.

ఇంటికెళ్లే దారిలో, "మంచావిడే" అన్నారు. జేబులో సీసా తడిమి చూసుకుని, "అయినా ఓ కన్నేసి ఉంచు."

ఆవిడ ఆ బడిలో ఉన్నన్నాళ్లూ, ఏటా ఆ పాఠం రోజున నాన్న సీసా పట్టుకుని వెళ్లేవారు. పిల్లలంతా చూసేదాకా బల్ల పక్కనే నిలబడి, మిగిలింది తెచ్చేసుకునేవారు.

ఆ ఎరుపులో ఏం కలిపేవారో నాక్కూడా చెప్పలేదు. పెద్దయ్యాక అడిగితే, "నువ్వా టీచరుగారి శిష్యురాలివి కదే" అని నవ్వి ఊరుకున్నారు. ఆయనతోనే పోయింది...

ఇప్పుడు ఏ రంగు ఎలా తీయాలో ఫోన్లో ఎవరైనా చెప్పేస్తున్నారు. మంచిదే. కానీ ఎవర్నీ నమ్మక ప్రాణంలా దాచుకున్నదాన్ని, పిల్లల చదువనేసరికి తానే జేబులో పెట్టుకొచ్చే మనుషులు మాత్రం కనిపించడం లేదు... మీ ఇళ్లలో ఉండేవారా అలాంటి అనుమానపు మనిషి? ఉంటే చెప్పండి, వినాలనుంది.