పావు అంగుళం స్కేలు

అట్టముక్కల మీద గుడ్డపేలికలు మడిచి కుట్టి బొంత చేద్దామని, కుట్టుకు పావు అంగుళం వదిలి కత్తిరించే ప్రత్యేకమైన స్కేలు ఆన్‌లైన్లో తెప్పించాను. మా ఊరి బడా బజార్లో దొరికే మామూలు స్కేలు నా స్థాయికి తగదు కదా! గంజాంలో ఉండే మా మేనత్త ఇంటికి తీసుకెళ్లి గొప్పగా చూపించాను.

"ఇదేటికే?" అంది.

చెప్పాను. ఆవిడ ఎప్పటిలాగే పాత పెళ్లికార్డు ముక్కను గుడ్డ మీద పెట్టి, దాని అంచుకు ఒక బీడీ ఆనించి, బీడీ లావంత మేర వదిలి చకచకా కత్తిరించింది. పట్టుబట్టి నా స్కేలుతో కొలిచాను. సరిగ్గా పావు అంగుళమే. అంత ఖరీదు పెట్టి కొన్న స్కేలు మొదటి రోజే బీడీకి సర్టిఫికెట్ ఇచ్చింది.

"కొలత అయిపోయాక నీ స్కేలుతో ఏటి సేస్తావే?" అంటూ అత్త బీడీ ముట్టించుకుంది.