బురుజెక్కిన జలంధర్

ఎత్తులో పని అంటే మేస్త్రీలు ముందు జలంధర్‌నే పిలిచేవారు. నిర్మల్ పక్క పల్లె నుంచి ఖతర్ వచ్చి, ప్రపంచ కప్పు స్టేడియానికి పరంజా కట్టే పనిలో చేరాడు. ఒక పొద్దున ఇసుకగాలికి కాలు జారింది. బెల్టు పట్టి ఆపింది గానీ, మోకాలు ఇనుప గొట్టానికి కొట్టుకుని చితికింది. ఎముక అతుక్కుంది, భయం పోలేదు. కార్మికులుండే క్యాంపులో పై మంచం ఎక్కాలన్నా చెమటలు పట్టేవి. కంపెనీ స్టోరులో కూర్చోబెట్టింది.

ఒక శుక్రవారం గదిలో ఉండే రాజన్న పిలిచాడు. "అల్ రువైస్ దిక్కు పాత కోట ఉన్నదట. బండి మాట్లాడినం, రా."

"కోటల నాకేం పని అన్నా?"

"క్యాంపుల మాత్రం ఏం పనున్నది?"

జలంధర్ నవ్వి చెప్పులేసుకున్నాడు.

ఎడారిలో ఒంటరి కోట. మట్టి రంగు గోడలు, మూలల్లో బురుజులు. అందరూ బిలబిలమని పైకి పోయారు. మెట్లు ఇరుకు, పట్టుకోను ఏమీ లేదు. జలంధర్ సగం దాకా ఎక్కి ఆగిపోయాడు. కళ్ళు బైర్లు కమ్మాయి.

పైనుంచి రాజన్న వంగాడు. "చెయ్యియ్యి."

"వద్దన్నా. నువ్వు జరుగు, నేనే వస్త."

గోడకు వీపు ఆనించి మెట్టు మీద కూర్చున్నాడు. చంటిపిల్లాడిలా కూర్చునే ఒక్కో మెట్టూ పైకి జరిగాడు. చివరి మెట్ల దగ్గర లేచి నిలబడ్డాడు. నడిచే బురుజెక్కాడు.

ఎదురుగా సముద్రం తళతళలాడుతోంది. అంచు దాకా వెళ్ళి, పనిగట్టుకుని కిందికి తొంగి చూశాడు. తల తిరగలేదు. ఇంటికి వీడియో కాల్ చేశాడు.

"ఏడున్నవ్?" అంది భార్య సుమలత. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"కోట మీద."

"దుబాయ్‌ల కోటలుంటయా? కాలు పైలం."

ఫోను కిందికి వంచి లోతు చూపించాడు.

"ఎవరెక్కిచ్చిన్రు?"

"ఎవ్వల్లేరు. నేనే ఎక్కిన."

మర్నాడే ఫోర్‌మన్ ముజఫ్ఫర్ అలీని పట్టుకుని పాత పని అడిగాడు. ఆయన ముందు తక్కువ ఎత్తున నిలబెట్టి చూశాడు, తర్వాత మెల్లగా పైకి పంపాడు. స్టేడియం కప్పుకు ఆఖరి దూలం బిగించిన రోజు పైనున్న వాళ్ళలో జలంధరూ ఉన్నాడు. కింద అందరూ చప్పట్లు కొడుతుంటే రెండు చేతులూ వదిలి పైకెత్తాడు.