నిండుగా ఉంచిన బ్యాటరీ

మా కమలాపురంలో మా వీధికి కుళాయి నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తాయి. వచ్చిన గంటలో బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, చివరికి టీ గిన్నె కూడా నిండాల్సిందే. సగం బిందె చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిండుగా ఉంటే నిశ్చింత అన్నది నలభై ఏళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న పెద్ద చదువు. ఆ చదువే రేడియో బ్యాటరీ విషయంలో కొంప ముంచింది.

హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఫోను లేకుండా గాలిలోనే దూరంవాళ్ళతో మాట్లాడుకోవడం, మా ఆయన పిచ్చి. వయసులో ఉన్నప్పుడే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. నన్నూ రాయమని ఏళ్ళ తరబడి పోరు పెట్టాడు. ఆ పోరు పడలేక యాభై దాటాక రాశాను. కరెంటు పాఠాలన్నీ పప్పు ఉడికేలోపు చదివి పాసయ్యాను. ఆయనకంటే నాకే మార్కులు ఎక్కువ. ఈ మాట అవసరమైనప్పుడల్లా గుర్తుచేస్తాను, అవసరం లేనప్పుడు కూడా.

మా చీనీ తోట, అదే బత్తాయి తోట, గుట్ట అవతల ఉంది. అక్కడ ఫోను పలకదు. ఆయనకేమో షుగరు. ఒకసారి చెట్లకు మందు కొడుతూ కొడుతూ చక్కెర పడిపోయి అక్కడే ఒరిగిపోయాడు. పక్క తోటాయన చూసి నోట్లో బెల్లం పెట్టాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా బతుకు ఏమయ్యేదో! ఆ తర్వాతే చేతిలో పట్టే చిన్న రేడియోలు రెండు కొన్నాం. ఒకటి ఆయన నడుముకు, ఇంకొకటి మా వంటింటి గూట్లో. మిద్దె మీద యాంటెన్నా. గంటకోసారి ఆయన పిలవాలి, నేను పలకాలి.

లైసెన్సుతో ఇచ్చిన గుర్తు పేరు, ఆ కాల్ సైన్ చెప్పడం అయ్యీ కాకముందే, "ఏమ్మే, ఇంట్లోనే ఉండావా?" అనేవాడు.

"ఈడ కాకుండా యాడికి పోతా?" అనేదాన్ని, అదీ చేతిలో పని అయ్యాక. రెండు మూడుసార్లు పిలిపించుకునేదాన్ని. పిలవనీ, ఏం పోయిందిలే అనుకునేదాన్ని.

ఆయన తోటలో ఉన్నంతసేపూ నా రేడియో ఆన్‌లో ఉండాలి. అందుకని దాన్ని ఛార్జింగ్ స్టాండులో కూర్చోబెట్టి, స్విచ్చి వేసి, ఇక తీయడం మానేశాను. పచ్చ దీపం వెలుగుతుంటే నిండు డ్రమ్మును చూసినంత హాయిగా ఉండేది. ఆయన చూసి, "అట్ల ఎప్పుడూ ఛార్జింగులోనే పెట్టొద్దే, బ్యాటరీ చెడిపోతాది" అన్నాడు.

"అది సగంలో ఆగిపోయి, నువ్వు ఆడ పడిపోతే, నేనెట్ల వినేది?" అన్నాను. నేను చదివిన పుస్తకంలో బ్యాటరీల పాఠం కూడా ఉంది. బిందెల ముందు పుస్తకం ఏపాటి! పైగా ఆ గూడు పొయ్యి పక్కనే ఉంది. మా ఎండలకు ఆ గోడ సాయంత్రమైనా చల్లారదు.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు, పది గంటల పిలుపు వచ్చింది, పదకొండుది రాలేదు. ముందు ఆయన్ని తిట్టుకున్నాను. పావుగంట చూసి రేడియో చేతిలోకి తీసుకుంటే తెర నల్లగా ఉంది. వెనక బ్యాటరీ పూరీలా ఉబ్బి, ఒక పక్క పైకి లేచింది. స్టాండు దీపం మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగానే ఉంది. ఈలోపు ఆయన పిలిచాడా? పిలిచి పడిపోయాడా? బెల్లం గడ్డ కొంగున కట్టుకుని ఆటో ఎక్కాను. "తోటకు పోనీ అప్పా, బిరీన" అన్నాను.

గుట్ట మలుపు దగ్గర ఆయనే ఎదురొచ్చాడు, ఆ వయసులో, పరిగెత్తుతూ. ఒక కాలికి చెప్పు లేదు. చొక్కా తడిసి ముద్దయింది. రేడియోను నోటి దగ్గర పెట్టుకుని ఇంకా నన్ను పిలుస్తూనే ఉన్నాడు. ఆటో దిగిన నన్ను చూసి రోడ్డు మీదే కూలబడ్డాడు.

"యాడ పోయినావే? పదిసార్లు పిలిచినా!"

"నీ బండి యాడ?"

"టైరులో కంపముల్లు దిగె. ఆడనే ఇడిసిపెట్టి వచ్చినా."

"నీ బెల్లం?"

"బండి డబ్బాలోనే ఉండాది."

కొంగు ముడి విప్పాను. నేను బెల్లం నోట్లో కుక్కుతూ తిట్టాను. "బుద్ధి ఉండాదా నీకు? షుగరు పెట్టుకోని ఈ ఎండలో పరిగెత్తుతారా ఎవురన్నా?"

ఆయన బెల్లం నములుతూనే అన్నాడు. "పోయినేడు, ఈ రేడియోలు కొనకముందు, నువ్వు బట్టల బండ కాడ పడిపోయినావు. నేను ఇంటికి వచ్చేదంకా నిన్ను ఎవురూ చూడల్యా. పలక్కపోతే నేనేమనుకోవాల?"

నిజం చెబుతున్నాను, నాకు ఆ సంగతే గుర్తు లేదు. బట్టలు ఉతుకుతూ కళ్ళు తిరిగి పడ్డాను. రక్తం తక్కువని మాత్రలిచ్చారు. మాత్రలు అయిపోయాయి, నేనూ మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. గంటకోసారి పిలిచింది తన షుగరు కోసం కాదు, నా కోసం. మరి నేను పలక్కుండా గిన్నెలు తోముకుంటూ కూర్చున్నప్పుడల్లా ఆయన ప్రాణం ఎంత కొట్టుకుందో! రోడ్డు మీదే ఏడ్చేశాను. ఆటో అబ్బాయి అటు తిరిగి నిలబడ్డాడు.

ఉబ్బిన బ్యాటరీని మోటార్ల వైండింగు షాపు భాయ్ జాగ్రత్తగా తీసి, ఆరుబయట ఇసుక బకెట్లో పెట్టాడు. "ఏమక్కా, ఇదేమన్నా నీళ్ళ డ్రమ్మా, నింపిందే నింపేకి? నిండినంక తీసెయ్యల్ల. వేడిలో నిండుగా పెడితే చచ్చిపోతాది" అని నవ్వాడు. రేడియో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఉపాయం కూడా ఆ భాయే చెప్పాడు. మందు కొట్టే పాత స్ప్రేయరు బ్యాటరీ ఇంట్లో ఉంది, పన్నెండు వోల్టులది. అది సీసపు మొద్దు బ్యాటరీ, దానికి తగ్గ ఛార్జరుంటే ఎప్పుడూ కరెంటుకు తగిలించి ఉంచినా ఓర్చుకుంటుంది. దాని పన్నెండు వోల్టులను ఒక చిన్న బోర్డు రేడియోకు సరిపడే ఎనిమిదికి దించుతుంది. రేడియో వెనక అసలు బ్యాటరీ బదులు అదే ఆకారంలో ఒక వట్టి డొల్ల తగిలించాం. అందులో రెండు తీగలు తప్ప ఏమీ లేవు, ఇక ఉబ్బేది ఏముంది? మీటరు పట్టి ఎనిమిది వోల్టులు చూసింది నేను. ప్లస్సు, మైనస్సు తారుమారు చేయబోయింది మా ఆయన. మార్కుల సంగతి మళ్ళీ గుర్తుచేశాను.

ఇప్పుడు కరెంటు పోయినా రేడియో ఆగదు. కొత్త బ్యాటరీ కొని, ఊరికి పోయేటప్పుడు పనికొస్తుందని, సగం ఛార్జింగుతో అలమారలో పెట్టాం. సగం! ఆ అలమార తీసినప్పుడల్లా దాన్ని నింపాలని నా చెయ్యి లాగుతుంది. ఓర్చుకుంటున్నాను.

ఆయన ఇప్పుడు ఒకసారి పిలిస్తే చాలు. సంగటి కెలుకుతున్నా తెడ్డు వదిలేసి, పిండి చేత్తోనే బటన్ నొక్కి పలుకుతాను. సాయంత్రం ఇంటికొచ్చి, బటన్ల సందుల్లో ఎండిన పిండిని సూదితో గీకుతూ, "రేడియోను పాడు చేస్తాండావే" అని తిడతాడు. తిట్టనీ.